మంచం కింద ఇంజిను

బస్సు డిపోలో అక్కని అందరూ ఇంజినమ్మ అనేవాళ్ళు. బస్సు గేటు దాటి లోపలికి వస్తుండగానే ఆ చప్పుడు విని, దానికి ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పేసేది. చెల్లెలు చిన్ని పేరుకే చిన్ని, జుట్టు సగానికి పైగా నెరిసిపోయింది. పెద్దాసుపత్రిలో ఫోన్లు అందుకునే పని ఆమెది. అవతలివాళ్ళు నోరు తెరవకముందే, ఊపిరి తీసుకున్న తీరుని బట్టి ఫలానా డాక్టరుగారని పోల్చేస్తుందని అక్కడ పేరు. అక్క ఇంజిన్ల మాట వింటుంది, చిన్ని మనుషుల మాట వింటుంది. ఇంట్లో మాత్రం ఒకరి మాట ఒకరు వినరు.

ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. కాలేదని బాధపడే వయసు కూడా దాటిపోయింది. అమ్మ పోయాక ఆ రెండు గదుల ఇంట్లో ఇద్దరే మిగిలారు. రిటైరైన కొత్తలో అక్క ఒక పాత క్యాంపర్ వ్యాను కొనుక్కొచ్చింది. లోపలే మంచం, చిన్న పొయ్యి, చేతులు కడుక్కోవడానికి తొట్టి, కిటికీలకి వెలిసిపోయిన తెరలు. ఎప్పుడో ఎవరో ముచ్చటపడి చేయించుకున్న బండి. ఇప్పుడు తుప్పు పట్టిపోయి, పొగ కక్కుతూ, కాస్త ఎత్తు వస్తే చాలు మొరాయిస్తోంది.

"దీంట్లో ఊళ్ళు తిరుగుదాం," అంది అక్క.

"వీధి చివరిదాకా వెళ్తే గొప్ప," అంది చిన్ని.

"ఇంజిను మారుస్తాగా. నువ్వు కాస్త సాయం పడితే చాలు."

"నాకు మేకు కొట్టడమే రాదు."

"రాదని తెలుసులే. అందించడం వస్తుందిగా."

అక్క మాటలు అలాగే ఉంటాయి. చిన్ననాటి నుంచీ అంతే. చిన్ని చేతికి పని వస్తే చెడుతుందని ఇంట్లో ఒక నమ్మకం. గ్లాసు పగిలితే చిన్ని పగలగొట్టినట్టే, తలుపు ఇరుక్కుంటే చిన్ని వేసినట్టే. ఇన్నేళ్ళలో చిన్ని కూడా దాన్ని నమ్మేసింది.

వ్యానులో మంచం పలక పుచ్చిపోయింది. ఒకరోజు చిన్ని డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి, అమ్మ బట్టలు కుట్టుకునే బల్ల వరండాలో కాళ్ళు ఊడి పడుంది. అక్క రంపం పట్టుకుని దాని పైచెక్కని మంచం కొలతకి కోస్తోంది. అమ్మ కత్తెర గీతలు ఇంకా దాని మీదే ఉన్నాయి.

"నన్నొక్క మాట అడగొచ్చుగా," అంది చిన్ని.

"అడిగితే వద్దంటావు."

"నీ చేతులు పడిపోను."

నోరు జారి అనేసింది. అక్క తలెత్తలేదు. "పడిపోతే నీకు వండిపెట్టేదెవరే," అంటూ కోస్తూనే ఉంది. చిన్ని రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత అన్నం దగ్గర ఉప్పు అందించమని అడగాల్సి వచ్చి, మాటలు వాటంతట అవే కలిశాయి.

* * *

వీధి చివర మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అక్క దాన్ని అద్దెకి తీసుకుంది. నేలంతా పాత సిరా మరకలు. గోడల్లోంచి ఇంకా కాగితం వాసన వస్తుంది.

ఆ వ్యానుకి ఇంజిను ముందు ఉండదు, వెనక ఉంటుంది. సరిగ్గా మంచం కింద. మంచం పలక ఎత్తితే ఒక పెద్ద చతురస్రపు రంధ్రం, అందులో ఇంజిను. పైనుంచి చేతులు పెట్టి బోల్టులు విప్పాలి. కింద నుంచి చక్రాల జాకీ మీదకి ఇంజినుని దించుకుని వెనక్కి లాగేయాలి. పాత ఇంజిను అలాగే తీశారు. అక్క లోపల, చిన్ని బయట. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా అయిపోయింది. అక్క తిట్టిన తిట్లు తప్ప ఆ రోజు చెప్పుకోవాల్సిందేమీ లేదు.

మారు ఇంజినుని తుక్కు వ్యాపారి చిన్న లారీలో వేసుకుని తెచ్చాడు. బరువుకి ఆయాసపడుతూ దించి, టవలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఇది ఏ బండిది?" అని అడిగింది అక్క.

"అచ్చం ఇలాంటిదేనమ్మా. నేనూ మా తమ్ముడూ కలిసి విప్పాం. లోపలంతా అద్దంలా ఉంది, చూసుకోండి."

"తమ్ముడు రాలేదేం? ఒక్కడివే మోస్తున్నావు."

"వాడికీ నాకూ మాటల్లేవమ్మా," అన్నాడతను. "ఇది విప్పిన రోజే చెడింది." ఇంకేదో చెప్పబోయి, చిన్ని వైపూ అక్క వైపూ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ అక్కచెల్లెళ్ళా?" అన్నాడు. అవునంటే తలూపి, లారీ ఎక్కేశాడు.

అక్క ఇంజిను మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. కొత్త గేదెని కొన్నవాళ్ళు దాని వీపు నిమిరినట్టు నిమిరింది. "మంచిదే," అంది.

* * *

ఇంజిను ఎక్కించిన రోజు పొద్దుటి నుంచీ వాన. రేకుల మీద ఒకటే హోరు. పక్కన నిలబడి మాట్లాడినా అరవాల్సి వస్తోంది. అక్క వ్యానులో రంధ్రం పక్కన చాప పరుచుకుని బోర్లా పడుకుని, తలా చేతులూ లోపలికి దూర్చింది. చిన్ని బయట, బండి వెనక, జాకీ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మధ్యలో ఇంజిను. ఒకరికొకరు కనబడరు. ఇంజిను పక్కనున్న సందులోంచి అక్క టార్చి వెలుగు మాత్రం కిందికి పడుతూ ఉంటుంది. ఆ సందులోంచే పానాలు అందించాలి.

"పదమూడు," అని వినిపించింది.

చిన్ని పానాల మధ్య వెతికి, పదమూడో నంబరు పానా సందులోంచి పైకి పెట్టింది. అక్క చెయ్యి వచ్చి అందుకుంది.

"అరె, అడక్కముందే ఇచ్చావే," అంది అక్క, తల పైకి తీసి.

"అడిగావుగా."

"అడిగానా? మనసులో అనుకున్నానంతే. పైకి అనేశానేమో."

కాసేపటికి 'గుడ్డ' అని వినిపించింది. చిన్ని గుడ్డ అందించింది. ఆ తర్వాత 'పొడుగు స్క్రూడ్రైవరు'. ఆ తర్వాత 'అది కాదు, దాని పక్కది'. చిన్ని చెయ్యి అప్పటికి ఏ పనిముట్టు మీదా పడనే లేదు. వేళ్ళు గాల్లో ఉన్నాయంతే. ఆమె పక్కదే తీసి ఇచ్చింది.

"ఏమైందే నీకివాళ," అంది అక్క లోపలి నుంచి. వానలోనూ ఆ గొంతులో నవ్వు వినబడింది. "డిపోలో ఇన్నేళ్ళు చేశాను, నాకు ఇలా అందించినవాడు ఒక్కడూ లేడు. ముందే నిన్ను తీసుకెళ్ళాల్సింది."

 చిన్ని మొహం వేడెక్కింది. యాభై దాటిన మనిషి, అక్క మెచ్చుకుంటే బడిపిల్లలా సిగ్గుపడింది. పనిముట్లన్నీ వరసగా పేర్చుకుని, ఈసారి ఇంకా తొందరగా ఇవ్వాలని చెవులు రిక్కించి కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక, తాగడానికి నీళ్ళు తీసుకుని వ్యాను పక్క తలుపు వైపు వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. అక్క బోర్లా పడుకుని ఉంది. ఒక చెయ్యి రంధ్రంలో, ఇంకో చెయ్యి అంచు మీద. టార్చి పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. పెదాలు దాని చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. గడ్డం మీదుగా కాస్త ఉమ్మి కారుతోంది.

అప్పుడు రంధ్రంలోంచి అక్క గొంతు వచ్చింది.

"చిన్నీ, గుడ్డ ఇవ్వు."

అక్క పెదాలు కదల్లేదు. టార్చి కదల్లేదు.

మరుక్షణమే అక్క అంచు మీది చెయ్యి వెనక్కి చాపి, చాప మీద గుడ్డ కోసం తడుముకుంది.

చిన్ని అలాగే నిలబడిపోయింది. చేతిలో నీళ్ళ సీసా.  ఆ తర్వాత వంగి, గుడ్డ తీసి అక్క చేతిలో పెట్టింది. అక్క టార్చి నోట్లోంచి తీసి, "ఇదిగో, ఇలా ఉండాలి సాయమంటే," అంది. "మనిషికి నాలుగు చేతులున్నట్టుంది."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోట్లో టార్చి ఉండగా నువ్వెలా మాట్లాడావక్కా అని ఒక్క మాట. చిన్ని నోరు తెరిచింది కూడా. కానీ అక్క మొహంలో ఆ నవ్వు… దాన్ని ఎన్నేళ్ళకి చూసిందో. చెప్తే ఆ నవ్వు పోతుంది. అయితే నీ అంతట నువ్వు అందించింది కాదన్నమాట, అంటుంది. సరేలే, నీ వల్ల ఏమవుతుంది, అంటుంది. చిన్ని నీళ్ళ సీసా చాప పక్కన పెట్టేసి, మళ్ళీ బయటికి వెళ్ళి ముక్కాలిపీట మీద కూర్చుంది.

* * *

సాయంత్రానికి ఇంజిను దాని చోటికి వచ్చింది. జాకీ కడ్డీ ఆడిస్తే ఇంజిను లేస్తుంది. పక్కనున్న చిన్న మర తిప్పితే దిగుతుంది. ఇంకొక్క పని ఉంది. ఇంజిను పాదం కింద రబ్బరు దిమ్మని సరిగ్గా కూర్చోబెట్టి, దాని మీదకి ఇంజినుని మెల్లగా దించాలి. దిమ్మని సర్దేటప్పుడు అక్క వేళ్ళు ఇంజిను కిందే ఉంటాయి.

అదే సమయానికి కరెంటు పోయింది. షెడ్డంతా ఒక్కసారిగా చీకటి. వాన హోరు ఇంకా పెద్దదైనట్టు అనిపించింది. సిరా వాసన, తడి ఇనుము వాసన, దాంతోపాటు ఇంకేదో… కాలిన నూనె లాంటిది. ఇంజిను ఇంకా నడవనే లేదు. నూనె ఎక్కడ కాలుతుంది?

"పర్లేదు, టార్చి ఉంది," అంది అక్క. "జాగ్రత్తగా విను. నేను దించమంటేనే దించాలి. నోట్లో టార్చి పెట్టుకుంటాను. సర్దడం అయ్యాక తీసి చెప్తాను. అందాకా మర మీద చెయ్యి వెయ్యకు."

"సరే."

"విన్నావా?"

"విన్నానక్కా."

సందులోంచి వెలుగు కిందికి పడింది. ఇంజిను పాదం పక్కన అక్క వేళ్ళు కనబడ్డాయి. గ్రీజుతో నల్లగా, రబ్బరు దిమ్మని అటూ ఇటూ జరుపుతూ. తర్వాత వెలుగు పక్కకి తిరిగింది. వేళ్ళు కనబడలేదు.

"దించు."

చిన్ని కదల్లేదు.

"దించు, చిన్నీ."

అక్క గొంతే. కానీ అక్క మామూలుగా మాట్లాడే గొంతు కాదు. చిన్నప్పుడు జ్వరం వస్తే పక్కన కూర్చుని, మందు మింగు చిన్నీ, అని బతిమాలే గొంతు. మెత్తగా… వాన హోరులోనూ స్పష్టంగా. చెవి పక్కనే.

చిన్ని చెవులు మనుషుల ఊపిరిని వినడానికి అలవాటుపడ్డ చెవులు. ఎవరైనా మాట్లాడేముందు ఊపిరి తీసుకుంటారు. ఎంత చిన్న మాటకైనా.

ఆ మాటకి ముందు ఊపిరి లేదు.

ఆమెకి తెలిసింది. తెలియలేదని తర్వాత ఎప్పుడూ తనకి తను చెప్పుకోలేకపోయింది. అది అక్క కాదు. పొద్దుటి నుంచీ అక్క కాదు. కానీ పొద్దుటి నుంచీ అది చెప్పింది ఒక్కటీ తప్పు కాలేదు. గుడ్డ అంటే గుడ్డే కావాలి, పదమూడంటే పదమూడే. ఇప్పుడు 'అక్కా, నువ్వేనా అన్నది?' అని అరిస్తే చాలు. కానీ అరిస్తే మిగతాదంతా చెప్పాలి. ఆ గొంతు సంగతి, ఇందాకే తెలిసీ దాచిన సంగతి…

"దించు. అయిపోయింది."

చిన్ని మర తిప్పింది.

ఇంజిను ఒక్క నిట్టూర్పుతో దిగింది.

అక్క అరవలేదు. అరవడానికి నోరు ఖాళీగా లేదు. టార్చి చుట్టూ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, దూడ మెడకి తాడు బిగుసుకుంటే వస్తుందే, అలాంటిది. వెలుగు పిచ్చిపట్టినట్టు రంధ్రమంతా ఊగింది.

చిన్ని మర బిగించి, జాకీ కడ్డీని ప్రాణమంతా పెట్టి ఆడించింది. ఇంజిను లేచింది. పరుగెత్తుకుంటూ పక్క తలుపు వైపు వెళ్ళేసరికి అక్క వెల్లకిలా పడి ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుంది. టార్చి ఇంకా పళ్ళ మధ్యే ఉంది. కళ్ళు చిన్ని మీదే ఉన్నాయి. దవడలు బిగుసుకుపోయి, ఆ టార్చి ఊడదీయడానికి చిన్ని వేళ్ళతో విప్పాల్సి వచ్చింది. దాని ప్లాస్టిక్కు మీద పళ్ళ గుంటలు పడ్డాయి.

* * *

ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగారు. అక్క నోరు విప్పేలోపే చిన్ని, "జాకీ జారింది," అనేసింది.

అక్క ఆమె వైపు చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "అవును, జారింది," అంది.

చూపుడువేలూ మధ్యవేలూ తీసేశారు. ఉంగరపు వేలు సగం మిగిలింది.

ఇంటికొచ్చాక అక్క ఏడవలేదు, చిన్నిని ఒక్క మాటా అనలేదు. చిన్ని పెట్టింది తినేది. అయితే ఒకరోజు ఆ జాకీని ఇంటికి తెప్పించింది. వంటింట్లో నేల మీద పాత దుప్పటి పరిచి, ఎడమచేత్తో తంటాలు పడుతూ దాన్ని ముక్కముక్కలుగా విప్పింది. మర చూసింది. రబ్బరు సీలు చూసింది. నూనె వేలికి రాసుకుని వాసన చూసింది. మళ్ళీ బిగించింది. రెండు రోజులాగి మళ్ళీ విప్పింది.

"ఏం వెతుకుతున్నావక్కా?"

"సీలు బాగానే ఉందే," అంది అక్క. "మర బాగుంది. నేనే స్వయంగా చూసి తెచ్చాను. మరి ఎలా జారింది?"

చిన్ని గిన్నెలు తోముతోంది. పంపు ఇంకాస్త తిప్పింది.

"నా వయసైపోయిందేమోనే," అంది అక్క కాసేపాగి. "ఇన్నేళ్ళ అనుభవం, చేతి కింద ఇంతమంది పిల్లలకి నేర్పాను. ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదు. చివరికి నా జాకీనే నేను సరిగ్గా చూసుకోలేకపోయాను."

జారలేదక్కా, అని చిన్ని నాలుక చివరి దాకా వచ్చేది. ప్రతిసారీ వచ్చేది. నీ చేతులు పడిపోను, అన్న తన మాటే ముందుగా గుర్తొచ్చి, గొంతుకి అడ్డం పడేది. తిట్టిన నోటితోనే, నేనే తిప్పాను అని చెప్తే ఎవరు నమ్ముతారు, అనుకోకుండా జరిగిందని?

డ్యూటీలో ఫోను ఎత్తినప్పుడల్లా ఊపిరి కోసం ఎదురుచూసేది. వినబడితే గానీ హలో అనేది కాదు. పై అధికారి ఒకటి రెండుసార్లు మందలించాడు. రాత్రిళ్ళు పక్క గదిలో జాకీ మర కిర్రుమనేది. అక్క విప్పుతోంది. బిగిస్తోంది.

డిపోలో అక్క దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు వచ్చి మిగిలిన బోల్టులు బిగించి ఇచ్చారు. వాళ్ళు అరుచుకుంటూ, నవ్వుకుంటూ పూటలో ముగించేశారు. ఇంజిను మొదటిసారికే అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క తల వంచి విన్నది. చాలాసేపు విన్నది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడొకడు.

"తప్పేమీ లేదు," అంది అక్క. కానీ కనుబొమలు ముడిపడే ఉన్నాయి.

* * *

మొదటి ప్రయాణం ఇద్దరే వెళ్ళారు. చిన్ని నడిపింది. అక్క వెనక మంచం మీద పడుకుంది. అక్కడైతే ఇంజిను సరిగ్గా వినబడుతుందట. మధ్యలో తెర. పొద్దంతా బాగానే గడిచింది. అక్క వెనక నుంచి గేరు మార్చమని, అంతలా తొక్కొద్దని, బండి కూడా మనిషేనని సాధిస్తూనే ఉంది. చాలా రోజుల తర్వాత మళ్ళీ పాత అక్కలా అనిపించి, చిన్నికి ప్రాణం తేలికపడింది.

పొద్దు గూకే వేళకి రైల్వే గేటు పడింది. ఇంజిను ఆపేసి కూర్చున్నారు. రైలు చాలాసేపటికి గానీ రాలేదు; చిన్ని స్టీరింగు మీద తల ఆనించి ఓ కునుకు తీసింది. గేటు లేచాక చిన్ని మళ్ళీ బండి తీసింది. ఆ తర్వాత దారికి రెండు వైపులా పొలాలే. దీపాల వెలుగులో రోడ్డు ముక్క, దాని అవతల చీకటి. వెనక ఇంజిను నిండుగా, ఒకే తీరుగా మోగుతోంది.

చీకట్లో మొహం కనబడకపోతే కొన్ని మాటలు తేలిక.

"అక్కా," అంది చిన్ని, అద్దంలోకి చూడకుండా. "నిద్రపోయావా?"

"లేదు."

"నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

చిన్ని చెప్పింది. అంతా చెప్పింది. పదమూడో నంబరు దగ్గర నుంచి చెప్పింది. నోట్లో టార్చి ఉండగా విన్న గొంతు, తెలిసీ దాచడం, అక్క మెచ్చుకోలు పోగొట్టుకోలేకపోవడం, ఊపిరి లేని మాట. మర తిప్పింది తనేనని. జాకీలో తప్పేమీ లేదని, ఇక దాన్ని విప్పొద్దని. చెప్తూ చెప్తూ ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంటూ నడిపింది.

వెనక కాసేపు ఇంజిను చప్పుడే.

"నాకు తెలుసమ్మా," అంది అక్క గొంతు. ఎంత మెత్తగా అందో. "నీ మీద నాకు కోపం లేదు."

"నిజంగానా?"

"పోనీలే. నువ్వు కోరుకున్నదేగా."

చిన్ని గుండె కలుక్కుమంది. అయినా అక్క అలాంటి మాట అనకుండా ఉండదు. ఆ మాత్రం ఎత్తిపొడుపుకి తను అర్హురాలే.

"ఇక ఈ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తకు," అంది ఆ గొంతు. "ఎవరితోనూ అనకు. మన మధ్యే ఉండనీ."

"ఎత్తనక్కా," అంది చిన్ని. ఇన్నాళ్ళ బరువు ఒక్కసారిగా భుజాల మీంచి దిగిపోయినట్టయింది. మళ్ళీ ఏడ్చింది, ఈసారి హాయిగా.

ముందు పెట్రోలు బంకు దీపాలు కనబడ్డాయి. బండి ఆపి, ఇంజిను కట్టేసి, మొహం కడుక్కుందామని దిగబోయింది. అక్కకి కూడా ఏమైనా కావాలేమోనని వెనక్కి వంగి తెర తీసింది.

మంచం ఖాళీగా ఉంది.

దుప్పటి మడత పెట్టి ఉంది. పక్క తలుపు సరిగ్గా పడలేదు, గాలికి కొద్దిగా ఊగుతోంది. అక్క చెప్పులు లేవు.

చిన్ని పిలవలేదు. పిలిస్తే సమాధానం వస్తుందేమోనని భయం వేసింది.

* * *

వెనక్కి తిప్పి, ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చెయ్యి చెవి మీద. వెనక నుంచి ఏ మాటా రాలేదు. అదింకా భయంగా ఉంది.

రైల్వే గేటు దగ్గర దీపస్తంభం కింద సిమెంటు దిమ్మ మీద అక్క కూర్చుని ఉంది. శాలువా కప్పుకుని, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని. బండి ఆగినా లేవలేదు.

"అక్కా. ఇక్కడెందుకు దిగావు? నేను చూసుకోనే లేదు. చెప్పాలిగా…"

"నువ్వేగా దిగమన్నావు," అంది అక్క. గొంతు పొడిగా ఉంది. "వెనక లైటు వెలుగుతోందో లేదో చూడమన్నావు. వెలుగుతోందన్నాను. విని కూడా వెళ్ళిపోయావు."

"నేననలేదు."

అక్క వాదించలేదు. వాదించకపోవడం ఆమె స్వభావం కాదు. చిన్ని ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడింది. గులకరాళ్ళు గుచ్చుకున్నాయి.

"అక్కా, నా మాట విను. ఆ రోజు జాకీ జారలేదు."

"అదీ చెప్పావు."

"ఎప్పుడు చెప్పాను?"

"ఇందాక. గేటు పడి ఉన్నప్పుడు. నేను వెనక నిలబడి లైటు చూస్తుంటే, కిటికీలోంచి చెప్పావు. రైలు వచ్చేదాకా చెప్తూనే ఉన్నావు." అక్క ఎడమచేత్తో కట్టుని కప్పుకుంది. "ఎందుకు చేశావో కూడా చెప్పావు."

"ఎందుకని చెప్పాను? అక్కా, నా వైపు చూడు. ఏమని చెప్పాను?"

"వద్దు."

"అది నేను కాదు. ఒట్టు. ఏమందో చెప్పు."

"వద్దు చిన్నీ," అంది అక్క. "రెండోసారి వినలేను."

ఆ తర్వాత ఎంత బతిమాలినా చెప్పలేదు. అయినా లేచి వచ్చి ముందు సీట్లో కూర్చుంది. మరి ఇంకెక్కడికి పోతుంది? ఆ చీకట్లో ఇంటికి వెళ్ళడానికి ఉన్నది ఆ బండొక్కటే. తనకి మిగిలింది చెల్లెలొక్కతే.

చిన్ని తాళం చెవి పెట్టింది, కానీ తిప్పలేదు. ఏదో ఒకటి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇప్పుడు తను ఏం చెప్పినా, అది ఇప్పటికే తన గొంతుతోనే ఇంకోలా చెప్పబడి ఉంది. పెదాలు బిగించి, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. చుట్టూ నిశ్శబ్దం. గేటు మనిషి గుడిసెలో దీపం ఆరిపోయింది.

పక్కన అక్క కదిలింది. చిన్ని వైపు కొద్దిగా తిరిగి, శ్రద్ధగా వింటున్నట్టు తల వంచింది. మధ్యలో ఒకసారి, "ఇప్పుడా?" అని నెమ్మదిగా అడిగింది. మళ్ళీ విన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమచేత్తో తుడుచుకుంది.

"సరే," అంది చివరికి. "నువ్వెలా అంటే అలాగే."

చిన్ని ఇంకా నోరు తెరవలేదు.